వెలుగు పారు పిల్లకాలువలు



నేను కృష్ణా డెల్టాలో ఒక శివారు గ్రామమున పుట్టినవాడను. శివారనగా నేమో మీకు నేను చెప్పనక్కఱ లేదు. ఆనకట్ట యొద్ద నీరు నిండుగనే యుండును. ప్రధాన కాలువ గట్ల నొరసికొని పారుచునే యుండును. పంటకాలువకును తూముల మీదుగా నీరు వచ్చును. కాని మా పొలములకు చేర్పవలసిన బోదెలో మాత్రము సగము నీరు నేలలో నింకిపోయి, కొంత గండ్ల వెంట జాఱిపోయి, తుదకు మా చేనికి చెంబెడు చేరెడిది. మా తండ్రిగారు పార భుజమున వేసికొని యెన్నియో రాత్రులు ఆ బోదె గట్టుననే గడపెడివారు. "ఇన్ని ఆమడలు వచ్చిన నీరు ఈ నూఱు గజములు రాలేకపోయెనురా" అని యనుచుండెడివారు. ఈనాడు నేను చెప్పబోవునది నీటిని గూర్చి కాదు, వెలుగును గూర్చి. అయినను మా తండ్రిగారి మాటతోనే మొదలుపెట్టవలసి యున్నది. ఏలయన, సముద్రములను దాటి వచ్చుచున్న వెలుగు చివరి మూరెడు దూరము పోలేక నిలిచిపోవుచున్నది. ఆ మూరెడు దూరమునకు బోదె త్రవ్వుటకై శాస్త్రజ్ఞులు పడుచున్న పాటునే నేను మీకు విన్నవింపదలచితిని.

మీ యూరి విద్యుత్ స్తంభముల వెంట నల్లని సన్నని తీగ యొకటి సాగిపోవుచుండుట మీరు చూచియే యుందురు. అది విద్యుత్తును తెచ్చు తీగ కాదు. నల్లని తొడుగు లోపల గాజుపోగులు కలవు. ఒక్కొక్క పోగు తలవెండ్రుకకంటె కొంచెము లావు, అంతియే. దానినే ఆప్టికల్ ఫైబర్ అందురు. గ్రామ పంచాయతీలకు ఇట్టి తీగలను వేయు పథకమునకు కేంద్ర ప్రభుత్వము 2011లో అనుమతి నొసగెను. ఆంధ్ర రాష్ట్రమున వానిని విద్యుత్ స్తంభముల మీదుగానే లాగి, 2017లో ఆ యేర్పాటును ప్రారంభించిరి. మాటలును, బొమ్మలును, లెక్కలును వెలుగు మినుకులుగా మాఱి ఆ పోగుల వెంట మన యూళ్లకు వచ్చుచున్నవి.

ఒకనాడు మా పెదనాన్నగారు అరుగుమీద కూర్చుండి ఆ తీగను చూపి, "ఏరా అబ్బాయీ, దీనిలో వెలుగు పారుచున్న దందువు గదా, అమావాస్య చీకటిలో చూచినను మినుకు మనదేమి?" అని యడిగిరి. మంచి ప్రశ్నయే. ఎఱుపునకు ఆవల మన కంటి కందని వెలుగు కలదు. టీ.వీ. రిమోటు నుండి వెడలునదియు ఆ జాతిదే. ఆ వెలుగే ఈ పోగులలో పారును. అదియును గాక, వెలుగును ప్రక్కలకు పోనీయకుండుటయే ఆ పోగు చేయు పని. ప్రక్కనుండి చూచువానికి వెలుగు కనబడినచో, ఆ పోగు గండి పడిన కాలువతో సమానము.

వెలుగు తిన్ననిదారిని పోవునదే కదా, వంకర తీగలో నెట్లు పారుననిన, దానికి కారణ మిది. చెఱువులో మునిగి యీదువాడు నిట్టనిలువుగా పైకి చూచినచో ఆకాశము కనబడును. ఏటవాలుగా దూరమునకు చూచినచో నీటి పైతలమే యద్దమువలె మెఱయుచు క్రింది వస్తువులను చూపును. వెలుగు నీటిలో కొంత మెల్లగను, గాలిలో వడిగను నడచును. మెల్లగా నడచు పదార్థమునుండి వడిగా నడచు పదార్థములోనికి మిక్కిలి వాలుగా పోబోవు వెలుగు, ఎల్ల దాటలేక పూర్తిగా వెనుకకు మఱలును. దీనికి సంపూర్ణాంతర పరావర్తన మని పేరు. 1841లో జెనీవా నగరమున కొలడాన్ అను ఆచార్యుడు తొట్టినుండి వంపుగా దుముకు నీటిధారలోనికి వెలుగును పంపి, అది ధార వెంటనే వంగి పోవుట నందఱకును చూపెను. మన పంజాబులోని మోగా పట్టణమున పుట్టిన నరీందర్ సింగ్ కపానీ, లండనులో హాప్కిన్స్ ఆచార్యునితో కూడి, 1954లో గాజుపోగుల కట్ట గుండ బొమ్మను పంపు విధమును ప్రకటించెను. 1966లో చార్లెస్ కావో గాజులోని మలినములను తొలగించినచో వెలుగును మైళ్లకొలది పంపవచ్చునని లెక్కగట్టి చెప్పెను. ఆ కృషికి 2009లో ఆయనకు నోబెల్ బహుమానము లభించెను. 1970లో అమెరికాలోని కోర్నింగ్ సంస్థవారు అట్టి నిర్మలమైన పోగును తీయగలిగిరి. నేటి మేలురకపు పోగులో 15 కిలోమీటర్లు పోయినగాని వెలుగు సగము కాదు. ప్రధాన కాలువ ఇంత చక్కగా కుదిరినది.

ఇక శివారు సంగతి చూతము. గాజుపోగులు తెచ్చిన వెలుగు తుదకు డేటా సెంటర్లను చేరును. అవి బీరువాలవంటి యంత్రములు వరుసలుగా నిలిపిన పెద్ద పెద్ద భవనములు. మనము పంపు సందేశములును, బ్యాంకు లెక్కలును, ఇప్పటి కృత్రిమ మేధయు అన్నియు అచ్చటనే నడచును. గాజుపోగు ఆ బీరువాలోని పెట్టె ముఖము వఱకు వచ్చును. అక్కడ బొటనవ్రేలంత యుపకరణ మొకటి వెలుగును విద్యుత్తుగా మార్చును. అక్కడినుండి లెక్కలు కట్టు చిప్పును చేరుటకు మిగిలిన జానెడు, మూరెడు దూరము రాగి దారిమీదనే సాగవలెను.

ఆ రాగి దారులు మీ రెఱుగనివి కావు. రేడియో పెట్టెను బాగుచేయువాడు విప్పినపుడు లోపల ఆకుపచ్చని పలకయు, దానిపై సాలెగూడువంటి సన్నని గీతలును కనబడును. దానినే సర్క్యూట్ బోర్డు అందురు. అంతకుముందు రేడియో లోపల తీగలను ఒక్కొక్కటిగా చేతితో అతికెడివారు. 1936లో లండను చేరిన పాల్ ఐస్లర్ అను ఆస్ట్రియా దేశీయుడు, తీగలకు బదులుగా పలకమీద రాగిగీతలనే అచ్చొత్తినట్లు నిలిపి, దానితో రేడియో నొకదానిని నిర్మించెను. నేటికిని ప్రతి యంత్రములోను ఆ పద్ధతియే నడచుచున్నది.

ఇంతకాలము పనిచేసిన రాగికి ఇప్పుడు వచ్చిన కష్టమేమి? వేగమే కష్టము. మన యిండ్లలోని విద్యుత్తు సెకనుకు 50 మాఱు లూగును. అది రాగిలో తొమ్మిది మిల్లీమీటర్ల లోతు వఱకు వ్యాపించును. సెకనుకు వేయి కోట్ల మాఱు లూగు విద్యుత్తు మాత్రము రాగి లోనికి చొరదు. పైపొరను మాత్రమే పట్టుకొని పోవును. ఆ పొర మందము మైక్రానులో మూడింట రెండు వంతులు. మిల్లీమీటరులో వేయవ భాగమునకు మైక్రానని పేరు. వెడల్పైన కాలువ త్రవ్వి, గట్లు తడియునంత మాత్రమే నీరు పారించినట్లున్నది గదా! దానికి తోడు పలకయొక్క పదార్థమును కొంత శక్తిని పీల్చును. పోయిన శక్తి యెల్ల వేడిగా మాఱును. నేటి యంత్రములలో ఒక్కొక్క రాగి జంటమీద సెకనుకు ఇరువది వేల కోట్ల గుర్తులను పంపవలసి వచ్చుచున్నది. అంత వేగమున తీగ యొకటి రెండు మీటర్లకంటె పొడవైనచో ఆ గుర్తులు ఒకదానిలో నొకటి కలిసిపోయి, పోల్చుకొనుటకు వీలుకాదు.

ఇది యెక్కడనో జరుగు యంత్రముల గొడవ, మనకేమి యని మీరు తలపవచ్చును. అంతర్జాతీయ శక్తి సంస్థ 2025లో ప్రకటించిన లెక్క ప్రకారము, 2024లో ప్రపంచమందలి డేటా సెంటర్లు సుమారు 41,500 కోట్ల యూనిట్ల విద్యుత్తును వాడినవి. ప్రపంచ మంతయు వాడిన విద్యుత్తులో నది నూటికి ఒకటిన్నర పాలు. ఇది యంతయు తీగలవలన నైన వ్యయము కాదు. లెక్కలు కట్టుటకును, యంత్రములను చల్లబఱచుటకును పెద్ద భాగము పోవును. అయినను ఒక చిప్పునుండి మఱియొక చిప్పునకు గుర్తులను మోయు కూలి నానాటికి పెరుగుచున్నది. 2025 అక్టోబరులో గూగుల్ సంస్థ విశాఖపట్టణమున ఐదేండ్లలో 1,500 కోట్ల డాలర్లు వెచ్చించి ఇట్టి కేంద్రమును నెలకొల్పెద మని ప్రకటించినది. కావున ఆ బీరువాలలో రాగి యెంత వేడెక్కు ననునది మన విద్యుత్తునకును, మన నీటికిని సంబంధించిన ప్రశ్నయే.

వెలుగు మేలైనచో మూరెడు దూరమునకును వెలుగునే వాడరాదా యని యడుగవచ్చును. ఇచ్చట నొక చిక్కు కలదు. 2024లో ఎన్విడియా సంస్థ 72 పెద్ద చిప్పులు గల బీరువా నొకదానిని ప్రకటించెను. ఆ బీరువాలో ఐదు వేలకు పైగా రాగి తీగలను వాడిరి. వెలుగును వాడినచో, విద్యుత్తును వెలుగుగను, వెలుగును మఱల విద్యుత్తుగను మార్చు నుపకరణములకే 20 కిలోవాట్లు అధికముగా పట్టునని ఆ సంస్థ యధిపతి సభలో చెప్పెను. అది ఐదు అశ్వశక్తుల మోటార్లు ఐదింటిని నడుపుటకు చాలును. అనగా, వెలుగు కాలువలో నష్టము స్వల్పమే. తూముల యొద్దనే నష్టము. ఆ మార్చు నుపకరణమును పెట్టె ముఖమున గాక చిప్పు ప్రక్కనే నిలిపి, అక్కడినుండి పలకమీదనే వెలుగును పారించినచో ఆ వ్యయము చాల తగ్గును. అందులకు పలకమీద వెలుగు కాలువలు కావలెను. అవియే పాలిమర్ కాలువలు.

పాలిమరనగా చిన్న చిన్న అణువులు దండలోని పూసలవలె గొలుసుకట్టిన పదార్థము. ప్రత్తిపోగును, చెట్టు రబ్బరును ప్రకృతి చేసిన పాలిమర్లు. ప్లాస్టిక్కులు మనుష్యుడు చేసినవి. దుకాణములలో గాజునకు బదులుగా వాడు అక్రిలిక్ పలకను, కిటికీ సందులను పూడ్చు సిలికోను జిగురును మీరు చూచియుందురు. ఆ కుటుంబములలోని పదార్థములనే మిక్కిలి శుద్ధిచేసి వెలుగు కాలువలకు వాడుదురు. గాజును వాడరాదా యనినచో, గాజును కరగించి సర్క్యూట్ పలకపై పోసినచో పలక మాడి మసియగును. పాలిమరును చల్లగా, తేనెవలె పూయవచ్చును. అతినీలలోహిత కిరణములు సోకించినంతనే అది గట్టిపడును. పెద్ద పలకపై నొక్కమాఱుగా వందల కాలువలు నిలుపవచ్చును.

చేయు విధ మిట్టిది. మొదట పలకపై నొక పాలిమరును పలుచగా పూసి గట్టిపఱతురు. దానిపై వెలుగు మఱికొంత మెల్లగా నడచు రెండవ పాలిమరును పూయుదురు. కాలువలు కావలసిన చోట మాత్రమే కిరణములు సోకునట్లు గీతల ముసుగు నుంచి, సోకినభాగము గట్టిపడిన పిదప మిగిలినదానిని కడిగివేయుదురు. అపుడు చదరపు గీతలు నిలుచును. వానిపై మఱల మొదటి పాలిమరును కప్పుదురు. నడిమి గీత కాలువ, చుట్టునున్నది గట్టు. ఒక్కొక్క కాలువ వెడల్పును లోతును సాధారణముగా 50 మైక్రానులు. తలవెండ్రుకకంటె సన్నమే. జపానులోని కెయియో విశ్వవిద్యాలయమున ఇషిగురే ఆచార్యుడును, ఆయన శిష్యులును మఱియొక దారి కనుగొనిరి. గట్టుగా నుండవలసిన పాలిమరు ఇంకను చిక్కని ద్రవముగా నుండగానే, దానిలోనికి సన్నని సూదిని దింపి, సూదిని నడుపుచు కాలువ పాలిమరును లోపల విడిచిపెట్టుచు పోవుదురు. మన యాడువారు వ్రేళ్లసందునుండి ముగ్గు ధార విడిచినట్లే. పిదప అంతయు నొక్కసారి గట్టిపఱతురు. సూదిని గ్రుచ్చు పని గనుక దీనికి దోమ పద్ధతి యని పేరుపెట్టిరి.

ఈ కాలువలలో నొక సుగుణము కలదు. మన నీటి కాలువపై మఱియొక కాలువ దాటవలెనన్నచో అక్విడక్టు కట్టవలెను. రాగి గీతలకును అట్లే, ఒకదానిపై నొకటి పోవుటకు వేఱొక పొర కావలెను. వెలుగు కాలువలు ఒకే పొరలో నడ్డముగా కోసికొని పోయినను, ఇటు వెలుగు అటు వెలుగుతో దాదాపు కలియదు. దేనిదారిన అది పోవును. మలుపు మాత్రము మెల్లగా తిరుగవలెను. మిక్కిలి యిఱుకు మలుపైనచో వెలుగు గట్టు దాటిపోవును.

నష్టము మాట నున్నదున్నట్లు చెప్పవలెను. గాజుపోగులో వెలుగు సగమగుటకు 15 కిలోమీటర్లు పట్టునంటిని. మంచి పాలిమర్ కాలువలో 60 సెంటీమీటర్లకే సగమగును. ఊరికిని ఊరికిని నడుమ నిది పనికిరాదు. కాని మనకు కావలసినది మూరెడే గదా! మూరెడు దూరము పోవునప్పటికి పది పాళ్లలో ఆఱు పాళ్ల వెలుగు మిగులును. జానెడైనచో నాలుగింట మూడు పాళ్లకు పైగా మిగులును. ప్రధాన కాలువకు తగనిది బోదెకు చక్కగా తగును. ఏ వస్తువునకు ఏ చోటు తగునో యెఱుగుటయే ఇందలి కీలకము.

ఇరువది యేండ్లకు పూర్వము నేనును ఒక పరిశోధనశాలలో ఈ పనిని చేసితిని. మేము పోసిన కాలువలలో వెలుగు చక్కగా పాఱినది. మా మేజాపై పరీక్షించిన ప్రతిమాఱును లెక్క సరిపోయినది. సంతోషించితిమి. తరువాత ఆ పలకను మామూలు సర్క్యూట్ పలకవలెనే చిప్పుల నతికించుటకై కొలిమిలోనికి పంపితిమి. సీసము లేని టంకము కరగుటకు అచ్చట 250 డిగ్రీల పైచిలుకు వేడి యుండును. పలక వెలుపలికి వచ్చునప్పటికి నిర్మలమైన మా పాలిమరు తేనెరంగు తిరిగి, అంచులయందు పొరలుపొరలుగా లేచియుండెను. ఆరు నెలల శ్రమ ఆరు నిమిషములలో పోయినది. తప్పు కొలిమిది కాదు. కాలువను గూర్చి మాత్రమే ఆలోచించి, అది యుండబోవు నేలను గూర్చి మేము ఆలోచింపలేదు. ఆ రాత్రి మా తండ్రిగారి బోదె నాకు జ్ఞప్తికి వచ్చెను.

వేడిని సహించు సిలోక్సేన్ మొదలగు పాలిమర్లు పిదప బాగుపడినవి. అంతకంటె పెద్ద కష్టము సంధులయొద్ద కలదు. 1977లో జపానులో కెనిచి ఇగా అను శాస్త్రజ్ఞుడు చిప్పు ముఖమునుండి నిలువుగా వెలుగును వెడలజేయు లేజరును ఊహించెను. ఆ జాతి లేజర్లే నేడు ఇట్టి పనులకు విరివిగా వాడబడుచున్నవి. నిలువుగా దిగు వెలుగును అడ్డముగా పారు కాలువలోనికి త్రిప్పవలెను. అందులకు కాలువ మొగను 45 డిగ్రీల వాలుగా కోసి యద్దముగా చేయుదురు. లేజరు నడిమి భాగము కాలువ మొగకు సరిగా నెదురుగ నిలువవలెను. 50 మైక్రానుల కాలువయైనచో పది మైక్రానుల తప్పును కొంత సహించును. దూరపు గాజుపోగులతోను, సిలికాన్ వెలుగు చిప్పులతోను నేరుగా కలియు సన్నని కాలువలైనచో ఒకటి రెండు మైక్రానులకంటె తప్పరాదు. వేడికి పాలిమరు వ్యాకోచించును, సిలికాన్ అంతగా వ్యాకోచింపదు. ఉదయమున సరిగా నున్న సంధి మధ్యాహ్నమునకు జరుగవచ్చును. మఱియొక చిక్కేమనగా, పాలిమరులోని కర్బన ఉదజని బంధములు దూరపు పోగులలో పారు వెలుగును కొంత పీల్చివేయును. అందుచేత పలకమీద ఎఱుపునకు దగ్గఱగానున్న 850 నానోమీటర్ల వెలుగునే ఎక్కువగా వాడిరి. నానోమీటరనగా మైక్రానులో వేయవ భాగము.

ఇన్ని కష్టములున్నను పని యాగలేదు. 2024 డిసెంబరులో ఐ.బి.ఎమ్. సంస్థవారు చిప్పు అంచుననే పాలిమర్ కాలువల నమర్చిన పరికరము నొకదానిని ప్రకటించిరి. మామూలు గాజుపోగుల వరుసలో పోగునకును పోగునకును నడుమ దూరము 250 మైక్రానులు. వారి కాలువల నడుమ దూరము 50 మైక్రానులు మాత్రమే. దానిని సున్నకు 40 డిగ్రీలు దిగువ చలిలోను, 125 డిగ్రీల వేడిలోను, తేమలోను ఉంచి పరీక్షించి, నిలిచినదని చెప్పిరి. మొదట రాగి తీగలనే వాడిన ఎన్విడియా సంస్థయు 2025 మార్చిలో, వెలుగును మార్చు నుపకరణములను చిప్పు ప్రక్కనే నిలిపిన యంత్రములను ప్రకటించెను. అందు వెలుగును మోయునవి గాజుపోగులు. తూము చిప్పు దగ్గఱకు జరిగినది. ఇక బోదె యే పదార్థముతో నుండవలె ననునది తేలవలసి యున్నది.

పాలిమరునకు పోటీదార్లు లేకపోలేదు. పలుచని గాజు పలకలోనే కాలువలు కల్పించి సర్క్యూట్ పలకలో పొదుగువారు జర్మనీలో కలరు. గాజుపోగులనే పలకపై పఱచి జిగురుతో నతుకువారు కలరు. గాజుపోగు తెగినచో మార్చుకొనవచ్చును. పలకలోని కాలువ చెడినచో పలక యంతయు పోవును. కొనువారు లేక చేయువారు జంకుదురు, చేయువారు లేక కొనువారు జంకుదురు. వెలుగు పలకల కొలతలకును, పరీక్షలకును అంతర్జాతీయ ప్రమాణములు ఏర్పడినవి. అయినను ఈ పలకలు రాగి పలకలవలె అంగడి సరకు కాలేదు. అయ్యెనని నేను మీకు చెప్పినచో అది కోతయగును.

తుదకు పెద్దలతో నొక మాట మనవి చేసికొందును. మా బోదెకు కొన్నాళ్లకు సిమెంటు పూత పూసిరి. నీరింకుట తగ్గెను. మొదటి యేడు మా చేనికి నిండుగా నీరు వచ్చెను. మా తండ్రిగారు ఆ యేడు పారను గోడకు జేరవేసిరి. రెండవ యేడు ఎగువనున్నవారు, నీరు మిగులుచున్నదని మెట్టచేలను గూడ మాగాణి చేసిరి. మూడవ యేటికి శివారునకు మఱల కొఱతయే. పూత పనికిరానిదని దీని యర్థము కాదు. పూత నీటిని మిగిల్చినది. మిగిలిన నీరు ఎవరికి పోవలెనో పూత చెప్పజాలదు. అది ఊరివారు కూర్చుండి వంతులు వేసికొనవలసిన పని.

ఈ వెలుగు కాలువలును అట్టివే. అవి కుదిరినచో ఒక్కొక్క గుర్తును మోయుటకు పట్టు విద్యుత్తు తగ్గును. తగ్గినది గదా యని గుర్తులనే పదింతలు పంపినచో మొత్తము తగ్గదు. కావున మీ ప్రాంతమునకు పెద్ద యంత్రశాల వచ్చుచున్నదని విన్నపుడు, మంచిదనియో చెడ్డదనియో ముందే తీర్పు చెప్పక, నాలుగు ప్రశ్నలు వేయుడు. ఎంత విద్యుత్తు వాడును? అది యెచ్చటనుండి వచ్చును? చల్లబఱచుటకు ఏ నీరు, ఎంత? మీ యంత్రము నిరుటికంటె నేడు తక్కువ శక్తితో అదే పనిని చేయుచున్నదా? ఈ కడపటి ప్రశ్నకు సమాధానము, నేను చెప్పిన మూరెడు దూరములోనే చాలవఱకు కలదు. అడుగుటకు ఆంగ్లము రానక్కఱ లేదు. కాలువ క్రింద సేద్యము చేసినవానికి ఈ లెక్క కొత్త కాదు.

మా పెదనాన్నగారికి ఇదంతయు చెప్పినపుడు ఆయన చాలసేపు ఊరకుండి, "అయితే వెలుగునకును శివారు తప్పలేదన్న మాట" అని నవ్విరి. ఆయన యింటి ముందరి స్తంభముమీద ఆ నల్లని తీగ నేటికిని కలదు. ఈసారి దానిని చూచినపుడు, అది తెచ్చు వెలుగు ఎంతదూరము వచ్చుచున్నదో గాక, ఎచ్చట నాగిపోవుచున్నదో ఒక్కసారి తలచుకొనుడు.